ఫాల్కన్ కోసం కొన్న రెసిన్ డీటెయిల్ సెట్: ఆరు వెంట్ల మీద ఒకే వేలిముద్ర

ముందే చెప్పేస్తా, ఐదుకి రెండున్నర స్టార్లు. అందులో రెండు గన్ బ్యారెళ్ళకే. ఇంకేం చదవక్కర్లేదు అనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగతావాళ్ళకి మాత్రం కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఈ సెట్ పుణ్యమా అని నేను ఐదు నెలలు స్టైరీన్ షీట్లు, అంటే మోడళ్ళు కట్టే పలచటి ప్లాస్టిక్ రేకులు, కోస్తూ కూర్చున్నా, ఆ కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

నేను కడుతున్నది 32 అంగుళాల మిలేనియం ఫాల్కన్, స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష ఓడ మోడల్. స్టార్ వార్స్ మొదటి సినిమాకి, అంటే 1977లో వచ్చినదానికి, ఐఎల్ఎం అనే ఎఫెక్ట్స్ స్టూడియో వాళ్ళు కట్టింది ఐదడుగుల పెద్ద మోడల్, అది బరువు, దాన్ని కెమెరా ముందు అటూ ఇటూ తిప్పడమే పెద్ద యజ్ఞం, అందుకని 1980లో వచ్చిన రెండో సినిమాకి ఈ 32 అంగుళాలది చిన్నగా, తేలిగ్గా మళ్ళీ కట్టారు. నాది దాని సైజే, ఒకటికి ఒకటి. హల్ (ఓడ పైఒళ్ళు) డొప్పలు, లోపలి ఫ్రేమ్ వేరే చోట నుంచి వచ్చాయి, వాటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా పైన అతికించే చిన్న ముక్కల దగ్గరే. ఈ సెట్లో ఏమున్నాయంటే వెనక ఇంజన్ డెక్ మీద గుండ్రంగా ఉండే వెంట్లు (గాలి రంధ్రాలు) ఆరు, హల్ మీద గుంటల్లా కనిపించే మెయింటెనెన్స్ పిట్ల లోపలి భాగాలు, అంచు చుట్టూ తిరిగే సైడ్‌వాల్ పట్టీలు, కింద ల్యాండింగ్ గేర్ పెట్టెల డీటెయిల్, ఇంకా పైనా కిందా గన్ టరెట్లకి నాలుగేసి బ్యారెళ్ళు. అమ్మకం పేజీలో పెద్ద అక్షరాలతో ఒకే మాట, 'స్టూడియో అక్యురేట్'. నేను పడిపోయింది ఆ మాటకే. అమ్మినతని పేరు రాయను, ఒంటి చేత్తో నడుపుకుంటున్న చిన్న వ్యాపారం, పేరు పెట్టి బజారుకీడ్చడం నాకిష్టం లేదు.

ఈ పనిలో లేనివాళ్ళ కోసం ఒక్క ముక్క. ఫాల్కన్ ఒంటి నిండా కనిపించే ఆ బుడిపెలు, గొట్టాలు, పెట్టెలు ఉన్నాయి చూశారా, వాటిని గ్రీబ్లీలు అంటాం. వాటిల్లో చాలావరకు ఎవరూ కూర్చుని డిజైన్ చేసినవి కావు. ట్యాంకులు, రేసు కార్లు, విమానాలు, ఇలా బయట దొరికే ప్లాస్టిక్ కిట్లు పెట్టెలకి పెట్టెలు తెచ్చుకుని, నచ్చిన ముక్క గిల్లి, నచ్చిన చోట అతికించేశారు. అందుకే 'అక్యురేట్' అనే మాటకి మా దగ్గర చాలా గట్టి అర్థం ఉంది. స్టూడియో మోడల్ మీద ఆ చోట ఏ కిట్‌లోని ఏ ముక్క ఉందో, అదే, అదే సైజులో, అదే వంకరతో ఉండాలి. అలాంటి కిట్‌ని డోనర్ అంటాం. ఆ డోనర్ కిట్లలో చాలా వాటి తయారీ ఎప్పుడో ఆగిపోయింది, ఎక్కడో ఒకటి దొరికినా గోరంత ముక్క కోసం కొండంత కిట్ కొనాలి. ఇక మిగిలినవి రెండే దారులు, ఎవరో పోతపోసిన కాపీ కొనుక్కోవడం, లేదంటే షీటూ కత్తీ పట్టుకుని మనమే కట్టుకోవడం. నేను బద్ధకించి మొదటి దారి పట్టా.

ప్యాకింగ్‌కి మాత్రం పేరు పెట్టడానికి లేదు. ఒక్కో రకం ఒక్కో జిప్ కవర్లో, కవర్ మీద చేత్తో రాసిన నంబరు, బ్యారెళ్ళకి విడిగా ప్లాస్టిక్ గొట్టం. ఒక్క ముక్క విరగలేదు. కవర్లోంచి తీసి దీపం కింద పెట్టి చూస్తే లేత పసుపు రెసిన్, పోత పోసినచోట మిగిలే మొండెం చక్కగా వెనకవైపు దాచాడు, ముందు వైపు నున్నగా మెరుస్తోంది. ఆ రాత్రి నేను రివ్యూ రాసి ఉంటే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి, నిజం. దూరపు కొండలు నునుపు అంటారు గానీ ఇవి చేతిలో పెట్టుకున్నా నునుపే, కొలతలు తీసే కాలిపర్ పెట్టేదాకా.

కాలిపర్ పెట్టింది మర్నాడు. మెయింటెనెన్స్ పిట్ ముక్కల్లో ఒక చక్రం ఉంది, అది ఏ ట్యాంక్ కిట్‌దో నాకు తెలుసు, ఎందుకంటే ఆ కిట్ నా దగ్గరే ఉంది. నా కిట్‌లో ఆ చక్రం అడ్డుకొలత సరిగ్గా 20.0 మి.మీ. సెట్లోది 19.6. పొరపాటేమో అని అడ్డంగా నిలువుగా తిప్పి తిప్పి కొలిచా, అంతే. రెండు శాతం తక్కువ. మంచి పాలీయురెథేన్ రెసిన్ ఒక్కసారి పోస్తే ఇంత కుంచించుకుపోదు, చాలా కొంచెమే తగ్గుతుంది. ఇంత తగ్గిందంటే అసలు ముక్క నుంచి అచ్చు తీసి, ఆ పోతని మళ్ళీ అచ్చు తీసి, దాన్ని ఇంకోసారి, ఇలా కాపీ మీద కాపీ అయి ఉండాలి, ప్రతి తరానికీ కొంచెం కొంచెం చిక్కిపోతూ వచ్చింది. అంచులు చూసినా తెలుస్తుంది. నా కిట్ చక్రం అంచు గోటికి తగిలితే గీరుతుంది, దీనిది సబ్బుబిళ్ళ అంచులా జారిపోతుంది.

'రెండు శాతం ఎవడు చూస్తాడు?' అని మీరు అడగొచ్చు, నేనూ నన్ను అదే అడిగి సరిపెట్టుకుందామనుకున్నా. కానీ పిట్ లోపల కూర్చునే రింగు ఒకటుంది, అక్కడ బయటపడింది దీని బండారం. దాని అసలు సైజు నేను ఫొటో నుంచి లెక్కగట్టా. స్టూడియో మోడల్‌ని మ్యూజియంలో దూరం నుంచి, జూమ్ లెన్స్‌తో, ఎదురుగా తీసిన ఫొటో ఒకటి పట్టుకున్నా. దగ్గర నుంచి తీసినవి దీనికి పనికిరావు, ముందున్నది పెద్దగా వెనకున్నది చిన్నగా కనిపించి లెక్క మొత్తం చెడగొడతాయి. అదే ఫొటోలో, ఇంచుమించు అదే ఎత్తులో, సైజు తెలిసిన డోనర్ ముక్క ఒకటి ఉండాలి. నా అదృష్టం కొద్దీ ఉంది, 20 మి.మీ. ముక్క, స్క్రీన్ మీద 500 పిక్సెళ్ళు. అంటే పిక్సెల్‌కి 0.04 మి.మీ. రింగు 625 పిక్సెళ్ళు వచ్చింది, గుణిస్తే 25.0. సెట్లో రింగు ఎంతో చెప్పుకోండి చూద్దాం? 24.5. మళ్ళీ అదే రెండు శాతం! హల్ మీద గుంట సరైన కొలతతో ఉంది కాబట్టి రింగు అందులో గలగలా ఆడుతోంది, చుట్టూ పావు మిల్లీమీటరు సందు. పావు మిల్లీమీటరు చిన్నదే, కానీ దానికి రంగు వేసి, పైన నల్ల వాష్, అంటే పలచటి నల్లరంగు, పోశాక ఆ సందులోకి నలుపు దిగి కాటుక గీసినట్టు కనిపిస్తుంది, దాచలేం.

ఇక టైటిల్లో చెప్పిన వేలిముద్ర. ఆరు వెంట్లకీ బూడిద రంగు ప్రైమర్ కొట్టా, ప్రైమర్ పడితేనే రెసిన్ లోపాలు బయటికొస్తాయి, అప్పటిదాకా ఆ పసుపు రంగు కళ్ళని మోసం చేస్తుంది. ఆరినాక దీపం పక్కనుంచి పెట్టి చూస్తే మొదటి వెంట్ అంచు మీద సన్నటి గీతలు, వంపులు తిరిగి ఉన్నాయి. ప్రైమర్ ఆరకముందే నేనే ముట్టుకున్నానేమో అనుకుని తిట్టుకున్నా. రెండోది చూశా, అదే చోట అవే గీతలు. మూడోది కూడా. ఆరింటికీ ఉంది! అప్పుడు వెలిగింది, అది నా వేలు కాదు, ఎవరో మాస్టర్ ముక్క, అంటే అచ్చు తీయడానికి చేసే మొదటి ముక్క, కట్టేటప్పుడు జిగురు ఇంకా తడిగా ఉండగా అంచు పట్టుకున్నారు, ప్లాస్టిక్ మెత్తబడి ముద్ర పడింది, సిలికాన్ అచ్చు దాన్ని కూడా భక్తిగా కాపీ చేసింది. సిలికాన్ అంతే మరి, వెంట్రుక పడితే వెంట్రుక, వేలు పడితే వేలు. మా ఆవిడ పక్కనుంచి చూసి "ఏవండీ, ఈ బొత్తాలకి మళ్ళీ సంతకం కూడా ఉందా?" అంది. నేను నవ్వలేదు అప్పుడు.

ముద్రని గీకేయొచ్చు, రింగుని ఇంకొకటి కట్టుకోవచ్చు, వాటికి నేను అంత బాధపడలేదు. నాకు నిజంగా చిర్రెత్తించింది సైడ్‌వాల్ పట్టీలు. ఇవి పోత ముక్కలు కావు, ప్రింటర్లో తీసినవి, పైన పొరల గీతలు కనిపిస్తాయి. పోనీలే అని ఎడమది కుడిది పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి అచ్చం అద్దంలో బొమ్మ. కంప్యూటర్లో ఒక వైపు గీసి, రెండో వైపుకి మిర్రర్ బటన్ నొక్కేశారు. ఇందులో తప్పేంటి అంటారా. మొదటి సంగతి, ఫాల్కన్ రెండు వైపులా డీటెయిల్ ఒకేలా ఉండదు, అసలు ఆ ఓడకి కాక్‌పిట్టే ఒక పక్కకి ఉంటుంది కదా. రెండోది ఇంకా మజా. ట్యాంక్ కిట్‌లోంచి తీసిన ముక్కకి కుడి ఎడమలు ఉంటాయి. ఒక గేర్‌బాక్స్ మూతకి పైపు కుడి వైపు ఉంటే, అదే కిట్ ఇంకో పది కొన్నా పదింటికీ పైపు కుడివైపే ఉంటుంది. దాన్ని తలకిందులు చేయొచ్చు, పక్కకి తిప్పొచ్చు, కానీ పైభాగం పైనే ఉంచి పైపుని ఎడమకి తీసుకురావడం బ్రహ్మతరం కాదు. ఈ సెట్లో ఎడమ పట్టీ మీద పైపు ఎడమవైపు ఉన్న గేర్‌బాక్స్ మూత ఉంది. అలాంటి ముక్క ప్రపంచంలో ఏ కిట్‌లోనూ పుట్టలేదు! అంటే ఇది గీసినవాళ్ళు ముక్కని ఆకారంగా చూశారే తప్ప, అది ఎక్కణ్ణుంచి ఊడివచ్చిందో చూడలేదు. షార్ప్‌గా ఉంది, శుభ్రంగా ఉంది, తప్పుగా ఉంది.

ల్యాండింగ్ గేర్ సంగతి రెండు ముక్కల్లో. 1977 నాటి మోడల్‌కి మూడు కాళ్ళు, తర్వాతి సినిమాకి వచ్చేసరికి ముందు వైపు రెండు పెట్టెలు కలిపి ఐదు చేశారు, 32 అంగుళాలదానికి ఐదూ ఉంటాయి. సెట్లో మూడింటికే డీటెయిల్ ఉంది. రెండు మోడళ్ళ ఫొటోలూ కలగాపులగం చేసేశారన్నమాట. ఇది కొత్తవాళ్ళు కూడా చేసే పొరపాటే, బండై వాళ్ళు 2017లో వదిలిన 1/72 పర్ఫెక్ట్ గ్రేడ్ కిట్ చాలా గొప్పది, కానీ అది మొదటి సినిమా ఫాల్కన్, దాన్ని ముందు పెట్టుకుని 32 అంగుళాలదానికి ముక్కలు కడితే ఇలాగే అవుతుంది. మీరు ఏ మోడల్ కడుతున్నారో ముందు గోడ మీద పెద్దగా రాసుకోండి, నవ్వులాటకి కాదు.

సరే, అలా రెసిన్ పక్కన పెట్టి స్టైరీన్ పట్టా. షీట్లు, పట్టీలు, సన్నటి కడ్డీలు అన్నీ ఎవర్‌గ్రీన్ వాళ్ళవి వాడా, ఇక్కడ వాళ్ళకి ఐదుకి ఐదు ఇవ్వొచ్చు. కవర్ మీద రాసిన కొలత ఏదో లోపల పట్టీ కూడా అదే, 0.5 అంటే 0.5. స్క్రాచ్ పనిలో, అంటే అన్నీ మనమే కోసి కట్టుకునే పనిలో, ఇదే ప్రాణం, ఎందుకంటే కొలత నమ్మగలిగితే లెక్క మీద లెక్క పేర్చుకుంటూ పోవచ్చు, ప్రతిసారీ కాలిపర్ తియ్యక్కర్లేదు. జిగురు తమియా పచ్చ మూతది. అది జిగురు కూడా కాదు, ప్లాస్టిక్‌ని కరిగించి రెండింటినీ ఒకటి చేసేస్తుంది, రెండు ముక్కలు కలిపి పట్టుకుని సందు దగ్గర బ్రష్ ఆనిస్తే చాలు అదే లోపలికి పాకిపోతుంది. గుర్తుంచుకోండి, ఇది రెసిన్ మీద పనిచెయ్యదు. రెసిన్‌కి సూపర్ గ్లూ లేదా ఎపాక్సీ, అంతకుముందు గిన్నెలు తోమే సబ్బుతో కడిగి అచ్చు నూనె వదిలించాలి, లేకపోతే రంగు పొలుసుల్లా ఊడుతుంది. ఈ సెట్‌తో ఇచ్చిన కాగితంలో ఈ మాటలు ఒక్కటీ లేవు. రెసిన్ గీకేటప్పుడు ముక్కుకి మాస్క్ పెట్టుకోవాలని, తడిపి గీకాలని కూడా లేదు, ఆ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, అది రాయకపోవడం నాకు అస్సలు నచ్చలేదు. వంకరపోయిన ముక్కని వేడి నీళ్ళలో వేసి మెత్తబడ్డాక సరిచేసుకోవచ్చని కూడా కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది?

మొదట ఆ 25 మి.మీ. రింగు. వృత్తాలు కోసే కాంపస్ కట్టర్‌తో 1 మి.మీ. షీట్ మీద బయటి వృత్తం ముందు, లోపలిది తర్వాత. తిరగేసి చేస్తే సూది గుచ్చుకునే మధ్య భాగమే ఊడిపోయి చేతిలోకొస్తుంది, ఎలా తెలుసని అడక్కండి. ఒక్క దెబ్బకి కోసేద్దామని నొక్కితే కత్తి పక్కకి లాగుతుంది, పది పన్నెండు సార్లు తేలిగ్గా తిప్పాలి, చివర్లో చిన్నగా వంచితే టప్ మని విడిపోతుంది. అలా మూడు రింగులు కోసి ఒకదాని మీద ఒకటి అతికించి 3 మి.మీ. మందం తెచ్చా. దాని లోపలి అంచుకి చుట్టూ 24 పళ్ళు, అంటే 15 డిగ్రీలకి ఒకటి, 0.75 పట్టీ ముక్కలు. ఇరవైనాలుగు గీతలున్న వృత్తం కాగితం మీద ప్రింట్ తీసి, పైన పారదర్శక టేపు అతికించి, దాని మీద రింగు పెట్టి, గీత కనిపించిన చోటల్లా ఒక ముక్క. పళ్ళన్నీ ఒకే పొడుగు రావడానికి చిన్న కటింగ్ పెట్టె చేసుకున్నా, చెక్క ముక్క మీద అడ్డంగా ఒక ఆపుడు పట్టీ, దానికి తాకేలా స్టైరీన్ తోసి బ్లేడు దించడం, తోసి దించడం. మొదటి పది ముక్కలు కంటితో చూసి కోసినవి, చెత్తబుట్టలో పడ్డాయి.

బోల్టు తలలు కావాలంటే 1 మి.మీ. కడ్డీని బ్లేడుతో అర మిల్లీమీటరు బిళ్ళలుగా తరగడమే. తరుగుతుంటే అవి ఎగురుతాయి, ఎక్కడికి పోతాయో దేవుడికే తెలియాలి, అందుకని బ్లేడు కింద టేపు జిగురు వైపు పైకి పెట్టి దాని మీద తరిగితే అంటుకుని ఉంటాయి. తర్వాత తడిపిన బ్రష్ కొనతో ఒక్కొక్కటి ఎత్తి చోట్లో పెట్టి, జిగురు చుక్క కూడా కాదు, చుక్కలో చుక్క.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే అన్యాయం. మొదటి రింగు అద్భుతంగా వచ్చింది. కాలిపర్‌లో 25.0, పళ్ళు సమానం, నేను మురిసిపోయి ఫొటోలు కూడా తీసుకున్నా. నాలుగు రోజుల తర్వాత చూస్తే అప్పడంలా ఒక పక్కకి లేచిపోయింది. కారణం నేనే. మూడు పొరలు అతికించేటప్పుడు వెడల్పాటి ముఖం మొత్తం జిగురు పులిమేశా, ఆ ద్రావకం మధ్యలో ఇరుక్కుపోయింది, బయటికి పోయే దారి లేదు, రోజుల తరబడి లోపల్నుంచే ప్లాస్టిక్‌ని మెత్తబరిచి వంచేసింది. పొరలు పేర్చేటప్పుడు జిగురు పొదుపుగా వాడాలి, లోపలి పొరలకి సన్నటి డ్రిల్లుతో నాలుగు రంధ్రాలు పెడితే ఆవిరి పోతుంది, పైన బరువు పెట్టి రెండు రోజులు మర్చిపోవాలి. రెండో రింగుకి ఇవన్నీ చేశా, ఇప్పటికీ బల్లపరుపుగా ఉంది. కాబట్టి సెట్‌ని తిడుతూ కూర్చున్నాను గానీ మొదటి రౌండ్లో రెసిన్ రింగే గెలిచింది, కనీసం అది వంగలేదు.

వెంట్లు ఆరూ ఒకేలా రావాలి కదా, ఆరు విడివిడిగా కట్టే ఓపిక నాకు లేదు. ఒకటి శుభ్రంగా కట్టి, సిలికాన్ అచ్చు తీసి, మిగతావి పోసుకున్నా. తేడా ఏంటంటే ప్రతి పోతనీ అసలు మాస్టర్ అచ్చులోంచే తీశా, పోత నుంచి అచ్చు తియ్యలేదు, అందుకే ఆరు వెంట్లూ కాలిపర్‌కి తేడా తెలియనంత దగ్గరగా వచ్చాయి. అచ్చు తీసే ముందు ఆ మాస్టర్‌ని భూతద్దం కింద ఎంతసేపు తిప్పి చూశానో మీరు ఊహించగలరు. వేళ్ళకి గ్లవ్స్.

సైడ్‌వాల్ మాత్రం దండగమారి పని అనిపిస్తుంది మొదట్లో, తర్వాత వదలబుద్ధి కాదు. నా దగ్గరున్న రెండు మూడు కిట్లలోంచి దొరికిన డోనర్ ముక్కలు పెట్టా, దొరకనివి స్టైరీన్‌తో కట్టా. సన్నటి గొట్టాలకి స్ప్రూ, అదే కిట్ ఫ్రేమ్ కాడ, కొవ్వొత్తి మంటకి పైన, మంట తగలకుండా తిప్పుతూ, అది మెరిసి మెత్తబడగానే పక్కకి తీసి లాగితే దారంలా సాగుతుంది. ఎంత నెమ్మదిగా లాగితే అంత లావు. వంపులు తిరిగే పైపులకి సోల్డరింగ్ తీగ, వేళ్ళతోనే వంగుతుంది, ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. ఒక చోట స్టూడియో వాళ్ళు ముక్కని కొంచెం ఏటవాలుగా అతికించేశారు, హడావిడిలో చేసిందే అయ్యుంటుంది, నేను దాన్ని అదే ఏటవాలుతో పెట్టడానికి ఒక సాయంత్రం మొత్తం ఖర్చు పెట్టా. వాళ్ళకి అరనిమిషం పట్టుంటుంది!

వాళ్ళు అలా హడావిడిగా అతికించినవాటి విలువ ఇప్పుడు ఎంతుందో తెలుసా, అదే మొదటి సినిమాలో వాడిన ఎక్స్‌వింగ్ అనే యుద్ధ విమానం చిన్న మోడల్ ఒకటి 2023లో వేలానికొస్తే 31 లక్షల డాలర్లు దాటి పోయింది. ఇది రివ్యూకి సంబంధం లేదు, ఊరికే, నా చెత్తడబ్బాలో ఉన్న స్టైరీన్ ముక్కల్ని చూసి నన్ను నేను ఓదార్చుకోవడానికి.

గన్ బ్యారెళ్ళ గురించి మంచి మాట చెప్పాలి. లేత్ మీద తీసిన ఇత్తడివి, ఎనిమిది. నిటారుగా ఉన్నాయి, కొనలో రంధ్రం సరిగ్గా మధ్యలో పడింది, మెట్లు మెట్లుగా తగ్గే లావు ఫొటోతో కలుస్తోంది, ఇవి రెండు శాతం తగ్గలేదు కూడా. స్టైరీన్ కడ్డీతో నేనూ ప్రయత్నించా, ఒకటి బాగా వస్తుంది, నాలుగు పక్కపక్కన పెడితే తాగినవాళ్ళలా నిలబడతాయి. ఇలా సన్నగా, పొడుగ్గా, ఒకేలా బోలెడు కావాల్సినవి కొనుక్కోవడమే మేలు. ఇత్తడికి ముందు లోహాన్ని పట్టుకునే ఎచ్ ప్రైమర్ కొట్టండి, లేకపోతే గోటికే రంగు లేచిపోతుంది. అమ్మినతను ఇవి విడిగా అమ్మితే కళ్ళు మూసుకుని ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

కొలతల ఫొటోలు పెట్టి అతనికి మెసేజ్ చేశా. మర్యాదగానే మాట్లాడాడు. "సార్, మాస్టర్లు నేను చేసినవి కావు, ఒకతని దగ్గర కొన్నా, కొలిచి చూడలేదు" అన్నాడు, వెంటనే రింగులకి మళ్ళీ మాస్టర్ చేయిస్తానన్నాడు, సగం డబ్బు తిరిగి ఇస్తానని కూడా అన్నాడు. నేను వద్దన్నా, పేజీలోంచి ఆ 'స్టూడియో అక్యురేట్' మాట తీసెయ్యండి చాలు అన్నా. రెండు వారాలైంది, ఈ రోజు పొద్దున చూసినా ఆ మాట అక్కడే ఉంది. అర స్టార్ అక్కడే పోయింది, మర్యాదకి ఇద్దామనుకున్న అర స్టార్.

ఎవరు కొనొచ్చు అంటే, మీ ఫాల్కన్ హల్ కూడా ఇదే మనిషి దగ్గరిదైతే, అది కూడా రెండు శాతం తగ్గి ఉండే అవకాశం ఉంది కాబట్టి అన్నీ ఒకదానికొకటి సరిపోవచ్చు, మీకు తేడానే తెలియదు, హాయిగా కట్టుకోండి. షెల్ఫ్ మీద పెట్టి మూడడుగుల దూరం నుంచి చూసుకునేవాళ్ళకీ ఇబ్బంది లేదు. కాలిపర్ ఇంట్లో ఉన్నవాళ్ళు, ఫొటో జూమ్ చేసి ముక్కలు లెక్కపెట్టే జబ్బు ఉన్నవాళ్ళు, అంటే నాలాంటివాళ్ళు, బ్యారెళ్ళ కోసం బతిమాలి అవి మాత్రం తెచ్చుకుని, మిగతా డబ్బుతో షీట్లు కొనుక్కోండి.

నిన్న కొత్త వెంట్లు, పాత వెంట్లు కలిపి ప్రైమర్ కొట్టి వరసగా బల్ల మీద పెట్టా. మా ఆవిడ వచ్చి "ఇందులో మీరు చేసినవి ఏవండీ?" అంది, చెప్పుకో చూద్దాం అన్నా. కాసేపు చూసి, ఒక్కోటి దీపం దగ్గరకి ఎత్తి తిప్పి, ఆరింటిని పక్కకి తీసింది. సరిగ్గా చెప్పింది. ఎలా తెలిసింది అని నేను లోపల్లోపల పొంగిపోతూ అడిగితే, "వీటి మీద వేలిముద్ర లేదుగా" అని వెళ్ళిపోయింది.

పాత వెంట్లు ఐదు డబ్బాలో ఉన్నాయి, కావాల్సినవాళ్ళు పోస్టు ఖర్చు పెట్టుకుంటే పంపిస్తా. ఆరోది ఇవ్వను, బల్ల దీపం స్విచ్ పక్కన అతికించేశా.